పూలలో పడిన బంతి కోసం ఇంత దౌర్జన్యమా?

విశాఖ వెళ్ళి గోల్ఫు ఆడి వచ్చే ఒడిశాలోని మా జయపురం పెద్దమనుషులకు ఈ మాట రుచించదని తెలిసే రాస్తున్నాను. బంతి అడవిపూలలో పడగానే క్లబ్బుతో (గోల్ఫు కర్రతో) పొదలు బాదుకుంటూ లోపలికి దిగడం ఆట కాదు. అడిగితే "పిచ్చిమొక్కలే కదండీ" అంటారు. అవి గులాబీలైతే ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడిచేవారు కాబోలు!

పోనీ, నిబంధనలైనా వీరి పక్షాన ఉన్నాయా? లేవు. వెతికేటప్పుడు గడ్డినీ ఆకులనూ కాస్త పక్కకు తప్పించవచ్చు, అంతే. దెబ్బ సాఫీగా తగలాలని కాడలు విరిచినా, తొక్కి చదును చేసినా స్ట్రోక్ ప్లేలో (కొట్టిన స్ట్రోకులు, అంటే దెబ్బలన్నీ లెక్కపెట్టే ఆటలో) 2 స్ట్రోకుల జరిమానా. వెతకడానికి పూర్వం 5 నిమిషాలు ఉండేవి, 2019 నుంచి 3 నిమిషాలే. ఆలోగా దొరక్కపోతే ఒక స్ట్రోకు కలుపుకుని, ముందు కొట్టిన చోటికే వెళ్ళి మళ్ళీ కొట్టాలి. దొరికినా ఆడలేననుకుంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు (చెరువు, వాగు లాంటి పెనాల్టీ ఏరియాలో మాత్రం ఈ వెసులుబాటు లేదు). ఒక స్ట్రోకు వేసుకుని, హోల్‌కు (బంతి చేరాల్సిన గుంతకు) దగ్గర కాకుండా రెండు క్లబ్బుల పొడవు దూరంలోపు మోకాలి ఎత్తు నుంచి బంతిని వదిలితే సరి. వేలకు వేలు పోసి క్లబ్బులు కొన్నవారికి ఆ ఒక్క స్ట్రోకు దగ్గర ఎక్కడలేని పీనాసితనం!

విత్తనం రాలకముందే కాడ విరిగితే ఏడాదిలోనే పూచి ఎండిపోయే మొక్కలకు అదే ఆఖరు. మా కొరాపుట్ కొండల్లో వలిసె పూసినప్పుడు ఫోటోల కోసం చేలో దిగేవారిదీ ఇదే వరస. రైతు నూనెగింజలు వాళ్ళ కాళ్ళ కింద నలుగుతుంటాయి, వాళ్ళు మాత్రం ఫోను చూసి నవ్వుతుంటారు.

గోల్ఫు మైదానాల కమిటీలనూ అనాలి. "పూలు కోయరాదు" అని బోర్డు పాతి చేతులు దులుపుకుంటే ఎలా? ఆ జాగాను ఆడకూడని ప్రాంతంగా ప్రకటించే అధికారం వారికుంది. దాన్ని నిబంధనల భాషలో "మరమ్మతులో ఉన్న నేల"గా కూడా గుర్తిస్తే ఆటగాడు జరిమానా లేకుండానే బంతిని బయట వదులుకోవచ్చు. లోపలి నుంచి కొట్టకూడదు కూడా. అసలు లోపలికే వెళ్ళవద్దని కట్టడి చేయవచ్చు. ఆ హద్దు చూపడానికి పైభాగాన ఆకుపచ్చ రంగు పూసిన నాలుగు గుంజలకు ఎంత ఖర్చవుతుంది?

ఇక క్లబ్బుల సంచి మోసే క్యాడీ కుర్రవాణ్ణి పొదలోకి తోలి, తాము గొడుగు కింద నిలబడి "అటు చూడు, ఇటు చూడు" అని అరిచే దొరలకు ఒక మాట. వెతుకులాట మితిమీరి, మీ దెబ్బ సాఫీగా తగిలేలా వాడు కాడ విరిస్తే జరిమానా పడేది మీ స్కోరుకార్డులోనే.