కదిలిన ఫొటో వేరు, కదిలించిన ఫొటో వేరు

ల్యాండ్‌స్కేప్ ఫొటోగ్రఫీలో అడుగుపెట్టిన వారందరికీ ముందుగా అందే సలహా ట్రైపాడ్ వాడమని, కెమెరాను కదలనివ్వవద్దని. ఆ నియమాన్ని కొన్నేళ్లు నిష్ఠగా పాటించిన నేను, ఏడాదిగా, కాంతిని లోపలికి వదిలే షట్టర్ తెరుచుకుని ఉండగానే కెమెరాను కావాలని కదిలించే పద్ధతిని, అంటే ఇంటెన్షనల్ కెమెరా మూవ్‌మెంట్‌ను, సాధన చేస్తున్నాను. చేయి వణికితే ఎవరికైనా ఇలాంటి చిత్రాలే వస్తాయని కొందరు, స్పష్టమైన ఫొటోను సాఫ్ట్‌వేర్‌లో మసకబరిస్తే సరిపోతుందని మరికొందరు అంటున్నారు. ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది.

వణికే చేతికి దిశ ఉండదు. నిటారుగా పెరిగిన చెట్ల ముందు కెమెరాను పైనుంచి కిందికి దించితే కాండాలు తమ గీతల వెంటే సాగి నిలబడతాయి, ఆకులూ కొమ్మలూ మాత్రం రంగుల్లో కరిగిపోతాయి. అదే చోట అడ్డంగా కదిలిస్తే మిగిలేది గోధుమ రంగు పట్టీ ఒక్కటే. సముద్రం దగ్గర దిగంతరేఖ వెంట అడ్డంగానే కదిలించాలి. చేయి కాస్త వంకరపోయినా ఆ రేఖ చెదిరిపోతుంది. కదలిక మొదలైన తరువాత బటన్ నొక్కి, షట్టర్ మూసుకున్నాక కూడా చేతిని ఆపకుండా ఉండడం అలవాటు కావడానికే నాకు నెలలు పట్టింది.

వెలుతురు లెక్క కూడా తప్పదు. మంచి ఎండలో ఐఎస్ఓ (కాంతికి కెమెరా స్పందించే స్థాయి) 100, ఎఫ్/16 (లెన్స్ రంధ్రం కొలత, సంఖ్య పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది) వద్ద షట్టర్ సుమారు 1/100 సెకను తెరుచుకుని ఉంటుంది, ఎఫ్/22కు వెళితే 1/50 అవుతుంది. నాకు కావలసింది 1/8 నుంచి 1/2 సెకను వరకు. లెన్స్ ముందు పెట్టే నల్లద్దం లాంటి ఎన్‌డీ ఫిల్టర్ 3 స్టాపులదైతే (ఒక్కో స్టాపుకు కాంతి సగమవుతుంది) కాంతిని ఎనిమిదో వంతుకు తగ్గించి సుమారు 1/6 సెకనుకు చేరుస్తుంది. 6 స్టాపులదైతే సెకను దాటిపోయి, నా చేతిలో చిత్రం గంజిలా తయారవుతుంది. (ఎఫ్/22 వద్ద, కాంతిని నమోదు చేసే సెన్సర్ మీది దుమ్ము కూడా బయటపడుతుంది. దృశ్యమంతా చెదిరినా, సెన్సర్‌తో పాటే కదిలే ఆ మచ్చలు మాత్రం చెక్కుచెదరవు.)

ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. నీటి మీద మెరిసే ఎండ చుక్క మామూలు ఫొటోలో తెలుపు హద్దు దగ్గరే ఆగిపోతుంది, దాని అసలు తీవ్రత ఫైలులో నమోదు కాదు. అందువల్ల దానిని తరువాత సాగదీస్తే బూడిద రంగు మరకగా పలచబడుతుంది. కెమెరా కదులుతున్నప్పుడు అదే చుక్క సెన్సర్ మీద ప్రకాశవంతమైన గీతను గీస్తుంది. పైగా చేయి నెమ్మదించిన చోట కాంతి ఎక్కువసేపు పడి, వస్తువు అంచు నీడలా నిలుస్తుంది. ఎంత దూరం ఏ వేగంతో కదిలించాలో అక్కడికక్కడే తేల్చుకోవాలి, ఆ నిర్ణయాన్ని ఇంటికి వచ్చి మార్చుకోవడం కుదరదు. 1950లలో రంగుల ఫిల్ముతో కదలికను చిత్రించిన ఫొటోగ్రాఫర్ ఎర్న్‌స్ట్ హాస్‌కు, తీసిన చిత్రాన్ని వెంటనే చూసుకునే వీలు కూడా లేదు.

అయితే ఈ పద్ధతినే పాటించే మా వైపు వారి మీద నాకున్న కోపం ఇంకా పెద్దది. ఫోకస్ తప్పిన ప్రతి చిత్రానికీ "అనుభూతి" అని పేరు పెట్టి ప్రదర్శించేవారి వల్లే, చేయి వణికితే చాలన్న మొదటి విమర్శకు బలం వస్తోంది. ఒక సాయంత్రం నూట ఎనభై ఫొటోలు తీస్తే నేను ఉంచుకునేవి రెండో మూడో. మిగిలినవాటిలో కొన్ని చాలా అందంగానే ఉంటాయి, కానీ అవి నా చేయి అనుకున్న దారిలో వచ్చినవి కావు కనుక తుడిచివేస్తున్నాను.