1.4 అని రాసి 2.8లో వాడమంటే ఎలా?

కెమెరా లెన్స్ మీద ఉండే ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే వెలుతురు వచ్చే రంధ్రం అంత పెద్దగా తెరుచుకుంటుంది. ఎఫ్ 1.4 లెన్స్ కొనేది 1.4లో తీయడానికే కదా? మరి ఎవరిని అడిగినా "2.8కి దించండి, షార్ప్‌గా వస్తుంది" అంటారేంటి! 2.8కి దించితే లోపలికి వచ్చే వెలుతురు నాలుగో వంతే. ఆ మాత్రానికి ఇంత బరువు, ఇంత ఖరీదు ఎందుకు?

నిన్న కిటికీ పక్కన 1.4లోనే అమ్మ ఫొటో తీశాను. కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు, నిజంగా అంత బాగా వచ్చింది. కానీ లెన్స్ రంగులన్నిటినీ ఒకేచోట కలపలేక కళ్లజోడు ఫ్రేమ్ అంచంతా ఊదా గీత. వెనక మెరుస్తున్న గాజు గ్లాసు చుట్టూ ఆకుపచ్చ. సాఫ్ట్‌వేర్‌లో ఆ ఊదా తీసేయబోతే అమ్మ చొక్కా రంగు కూడా వెలిసిపోయింది. ప్రాణం ఉసూరుమంది.

ఇక మూలల సంగతి. మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాలు వచ్చాక చాలా లెన్సుల్లో వంకర సరిచేసే పని గాజుకు కాకుండా సాఫ్ట్‌వేర్‌కు అప్పగించేశారు. ఆ కరెక్షన్ ఆపేసి రా ఫైల్ (కెమెరా దిద్దుబాట్లు చేయకముందు ఫొటో) తెరిచి చూడండి: గీతలు వంగిపోయి, మూలలు నల్లబడి ఉంటాయి. ఆన్ చేస్తే చిత్రాన్ని సాగదీస్తుంది, కాబట్టి మూలల్లో వివరాలు పలచబడతాయి. చీకటిని వెలుగు చేస్తుంది, కాబట్టి అక్కడ నాయిస్ (చుక్కచుక్కల గరుకు) లేస్తుంది. లెన్స్ చిన్నగా, తేలికగా ఉండాలంటే ఇది తప్పదంటారు. సరే, ఒప్పుకుంటాను. మరి కిలోకి దగ్గరగా తూగే లెన్సుల్లోనూ ఇదే పనా? కొనేముందే ఆ మాట డబ్బా మీద రాస్తే ఏం పోతుంది?