నలుగురితో నారాయణ

2020 మార్చి 25, ఉగాది. కరోనా వచ్చిందని, ఆ రోజు నుంచి 21 రోజులు ఎవరూ గడప దాటొద్దన్నారు. దాంతో మనుషుల్ని కలిపి ఉంచే భారమంతా ఫోను నెత్తిన పడింది. ఎవరికి చేసినా ముందు కరోనా హెచ్చరిక ట్యూన్‌లోని దగ్గు, తర్వాతే హలో. అయినా అది తన ధర్మాన్ని ఎంత నిష్ఠగా నెరవేర్చిందో రాబోయే తరాలకి తెలియాలి కదా, అందుకే ఈ నాలుగు ముక్కలు.

మా ఇల్లు విశాఖ ఎంవీపీ కాలనీలో. బళ్ల రొద ఆగిపోయాక, రాత్రిళ్లు అలల హోరు మంచం మీదికే వచ్చేది. అయినా ఆర్కే బీచ్ ఖాళీగా ఉందన్న సంగతి నాకు డాలస్‌లో ఉన్న మా బావ పంపిన వీడియో వల్లే తెలిసింది. ‘మీ ఊరు చూడు బావా’ అని కింద రాశాడు. చూశాను. బాగుంది మా ఊరు.

అప్పట్లో వాట్సాప్ వీడియో కాల్‌లో నలుగురికే చోటు. నలుగురితో నారాయణ అన్న పెద్దల ముందుచూపు నాకప్పుడు అర్థమైంది. చిక్కల్లా ఆ నలుగురూ ఎవరన్నదే. మా ఇంట్లోంచే ముగ్గురం మూడు గదుల నుంచి ఎక్కేవాళ్లం. మిగిలిన ఒక్క గడీ గాజువాక మావయ్యది. శ్రీకాకుళం పెద్దమ్మ అలిగింది. పెళ్లిలో రెండో బంతిలో కూచోబెట్టినా ఇంతగా అలగలేదు. పోనీ జూమ్ అంటే, ఉచితంగా ఇచ్చే 40 నిమిషాలూ ‘వినిపిస్తోందా?’లకే చాలేవి కావు.

మావయ్య రోజుకో కషాయం పంపేవాడు. ఏప్రిల్ 7న వాట్సాప్ కళ్లెం వేసింది, అయిదు చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్కచోటికే పంపాలని. మావయ్య బెదరలేదు. అల్లం కషాయాన్ని చుట్టాలందరికీ పేరుపేరునా విడివిడిగా పంపాడు. కూతురి శుభలేఖలకైనా ఇంత ఓపిక చూపలేదు. అవి కొరియర్‌లో పడేశాడు.

ఏప్రిల్ 26న సింహాచలంలో చందనోత్సవం భక్తులు లేకుండానే జరిగింది. ఏటా ఆ క్యూలో కాళ్లు లాగేశాయని వాపోయే మా పిన్ని, ఈసారి గ్రూపులో అప్పన్న బొమ్మ రాగానే చెప్పులు విప్పి దండం పెట్టుకుందట. ఇంట్లో చెప్పులెందుకు వేసుకుందని ఎవరూ అడగలేదు.

నెలాఖరుకి కాల్‌లో ఎనమండుగురికి చోటొచ్చింది. పెద్దమ్మ అలక తీరింది. అందరూ కొలువుదీరిన రోజున, స్మార్ట్‌ఫోన్ లేని మా అమ్మ నా భుజం మీంచి తొంగి చూసింది. తమ్ముడు కనపడగానే అందుకుంది.

“ఏరా, సంక్రాంతికి అరిసెలు పెట్టిచ్చిన స్టీలు డబ్బా ఇంకా నీ దగ్గరే ఉండిపోయిందేటి?”

మావయ్య బొమ్మ నిక్షేపంగా ఉంది. వెనక గోడ గడియారంలో సెకన్ల ముల్లు తిరగడం కూడా కనిపిస్తోంది. ఫ్రిజ్ మీద డబ్బా కూడా.

“వాయిస్ రావట్లేదక్కా,” అన్నాడు. “నెట్ బాలేదు.”