ఆశకు తేదీ పెట్టకండి

కష్టంలో ఉన్నవాళ్లకి "పాజిటివ్‌గా ఆలోచించండి" అని చెప్పేవాళ్లందరికీ ఒక మాట చెప్పాలని మూడేళ్లుగా అనుకుంటున్నాను. ఇవాళ కూర్చుని రాసేస్తున్నాను. పొడుగైన పోస్టే, ఓపిక చేసుకుని చదవండి.

మూడేళ్ల క్రితం మా తమ్ముడికి బండి మీద వెళ్తుంటే యాక్సిడెంట్ అయింది. తలకి పెద్ద దెబ్బ. 43 రోజులు ఐసీయూలో ఉన్నాడు. మొదట్లో చాలా రోజులు కళ్లే తెరవలేదు. ఆ రోజుల్లో వచ్చిన ఫోన్లకి లెక్కలేదు. చేసినవాళ్లందరూ మా మంచి కోరేవాళ్లే, అందులో నాకు అనుమానం లేదు. "ఏం కాదు, వారంలో లేచి కూర్చుంటాడు చూడు" అన్నారు. "ఆదివారానికల్లా కళ్లు తెరుస్తాడు, నా మనసు చెబుతోంది" అన్నారు. "ఏం జరిగినా మన మంచికే" అని కూడా అన్నారు.

నేను ఆ ఆదివారాన్ని పట్టుకుని వేలాడాను. శుక్రవారం, శనివారం ఎలా గడిచాయో తెలియదు. ఆదివారం సాయంత్రం లోపలికి పంపించారు. వాడు అలాగే ఉన్నాడు. బయటికొచ్చి గోడకి ఆనుకుని కూలబడిపోయాను. మర్నాడు ఇంకెవరో "పదిహేను రోజులు దాటితే గండం గడిచినట్టే" అన్నారు. సరే, పదిహేనో రోజు. అదీ వచ్చింది, వెళ్లింది. తర్వాత వాడి పుట్టినరోజు. ఆ రోజు కచ్చితంగా కళ్లు తెరుస్తాడని నాకు నేనే చెప్పుకున్నాను. తెరవలేదు. ప్రతి తేదీ దాటినప్పుడల్లా నాలో ఒక ముక్క విరిగిపోయేది. మూడో తేదీ దాటాక నేను ఆస్పత్రిలో ఉన్నా లేనట్టే. డాక్టర్ ఏం చెబుతున్నాడో చెవికెక్కేది కాదు.

అమ్మ అలా లేదు. అమ్మ చదివింది ఐదో తరగతి. రెండో రోజే ఒక నోటు పుస్తకం తెప్పించుకుంది. రోజూ సాయంత్రం పది నిమిషాలు లోపలికి పంపిస్తారు కదా, ఆ పది నిమిషాల్లో డ్యూటీలో ఉన్న సిస్టర్‌ని అడిగి అంకెలు రాసుకునేది. జ్వరం ఎంత, బీపీ ఎంత, మూత్రం ఎంత వచ్చింది, ఆ రోజు స్కోరు ఎంత.

ఆ స్కోరు గురించి చెప్పాలి. తల దెబ్బ తిన్నవాళ్లకి స్పృహ ఎంతుందో కొలవడానికి గ్లాస్గో కోమా స్కేల్ అని ఒకటుంది. గ్లాస్గో డాక్టర్లు టీస్‌డేల్, జెన్నెట్ 1974లో తయారు చేశారు. కళ్లకి 4, మాటకి 5, కదలికకి 6, మొత్తం 15. ఏమీ లేకపోయినా 3 ఉంటుంది. గొంతులో గొట్టం ఉంటే మాటకి అంకె వేయరు, టీ అని రాస్తారు. మా వాడి కదలిక 4 దగ్గర చాలా రోజులు ఆగిపోయింది. నొప్పి కలిగేలా నొక్కితే చెయ్యి వెనక్కి లాక్కుంటాడు, అంతే. ఒక సాయంత్రం అమ్మ బయటికొచ్చి పుస్తకం నా ఒళ్లో పెట్టింది. "ఎం 5" అని రాసి ఉంది. ఎం అంటే కదలిక. అది 5 అయిందంటే నొప్పి ఎక్కడ పెడుతున్నారో అక్కడికి చెయ్యి తీసుకెళ్తున్నాడని. "సిస్టర్ చేతిని తోసేస్తున్నాడే మీ తమ్ముడు" అంది అమ్మ. అన్ని రోజుల్లో ఆవిడ ముఖంలో నవ్వు లాంటిది చూడటం అదే మొదటిసారి.

నేను ఆదివారాలు లెక్కపెడుతుంటే అమ్మ ఆ రోజు అంకె చూసుకుంది. మా ఇద్దరిలో ఆశ ఎవరికి ఎక్కువ అని ఆ కారిడార్లో ఎవరినైనా అడిగితే నా పేరే చెప్పేవాళ్లు, ఎందుకంటే "ఈ వారం లేస్తాడు" అని అందరికీ చెబుతూ తిరిగింది నేనే కదా. కానీ చివరిదాకా నిలబడింది ఆవిడ.

నిద్ర పట్టని రాత్రుళ్లు ఆ కారిడార్లో కుర్చీలో కూర్చుని ఫోన్లో ఏవేవో చదివేదాన్ని. అలా తెలిసిన మనిషి జేమ్స్ స్టాక్‌డేల్. అమెరికా నేవీ పైలట్. 1965 సెప్టెంబరులో వియత్నాంలో విమానం కూలి పట్టుబడ్డాడు, 1973 ఫిబ్రవరి దాకా ఖైదులోనే ఉన్నాడు. ఏడేళ్లకి పైన. అందులో నాలుగేళ్లకి పైగా ఒంటరి గదిలో. ఖైదులో ఎవరు తట్టుకోలేకపోయారని తర్వాత ఆయన్ని అడిగితే, ఆశావాదులే అన్నాడట. క్రిస్మస్‌కి వదిలేస్తారని అనుకునేవాళ్లు. క్రిస్మస్ వెళ్లిపోయేది. ఈస్టర్‌కి అనేవాళ్లు. అదీ వెళ్లిపోయేది. మళ్లీ క్రిస్మస్ వచ్చేది. చివరికి గుండె పగిలి పోయేవాళ్లు. అది చదివి ఫోన్ ఒళ్లో పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను. నా ఆదివారం, నా పదిహేనో రోజు, వాడి పుట్టినరోజు వరసగా కళ్లముందు తిరిగాయి.

స్టాక్‌డేల్‌కి నమ్మకం లేదని కాదు. ఎప్పటికైనా బయటపడతానన్న నమ్మకం ఆయనలో ఒక్కరోజు కూడా చెదరలేదట. ఎప్పుడు అన్నది మాత్రం తన చేతిలో లేదని ఒప్పుకుని, ఆ రోజు తన ముందున్న చేదు నిజాన్ని ఉన్నది ఉన్నట్టు చూశాడు. ఆ ఖైదీలు మాట్లాడుకోవడానికి వీల్లేక గోడ మీద తట్టి అక్షరాలు పంపుకునేవాళ్లు. ఐదు వరసలు, ఐదు నిలువులు ఉన్న గడి. మొదట వరస ఎన్నోదో తట్టాలి, తర్వాత అందులో ఎన్నో అక్షరమో తట్టాలి. ఒక్క మాట పంపడానికి ఎన్ని తట్లు కావాలో ఆలోచించండి. అంత కష్టపడి రాత్రి పడుకునే ముందు గోడకి అవతల ఉన్న మనిషికి "గుడ్ నైట్, గాడ్ బ్లెస్ యూ" అన్న మాటల మొదటి అక్షరాలు తట్టేవాళ్లు. భక్తి అనండి, స్నేహం అనండి, నాకు మాత్రం ఆ తట్టడమే ఆశ అనిపిస్తుంది. ముఖమైనా కనిపించని మనిషి కోసం చేతి వేళ్లతో చేసిన పని అది.

మీరు అడగొచ్చు, మరి రేపటి మీద ఆశ పెట్టుకోవద్దా అని. పెట్టుకోవాలి. ఎలిఫెంట్ ఐలాండ్ సంగతి వినండి. అంటార్కిటికా దగ్గర షాకల్టన్ అనే సాహసయాత్రికుడి ఓడ మంచులో చిక్కుకుని 1915 నవంబరులో మునిగిపోయింది. అందులో ఉన్న 28 మందీ చివరికి ఎలిఫెంట్ ఐలాండ్ అనే ద్వీపానికి చేరారు. 1916 ఏప్రిల్‌లో ఆయన ఐదుగురిని తీసుకుని చిన్న పడవలో సాయం కోసం వెళ్లాడు. మిగిలిన 22 మందీ ఆ బండరాళ్ల ద్వీపంలో, బోర్లించిన రెండు పడవల కింద నాలుగు నెలలకి పైగా బతికారు. అందులో ఒక కుర్రాడికి చలికి కాలివేళ్లు కుళ్లిపోతే ఆ పడవల కిందే తీసేశారు. వాళ్లకి పెద్ద దిక్కుగా ఉన్న ఫ్రాంక్ వైల్డ్ రోజూ పొద్దున్నే అందరినీ లేపి పక్కలు చుట్టేయమనేవాడట, ఇవాళ మన బాస్ రావచ్చు, సిద్ధంగా ఉండండి అని.

పొరపాటున కూడా ఫలానా రోజు వస్తాడని చెప్పలేదు. ఇవాళ రావచ్చు అన్నాడు, ఆ మాటతో పాటు చెయ్యడానికి ఒక పని పెట్టాడు. పక్క చుట్టాలి. రాకపోతే సాయంత్రం మళ్లీ పరుచుకుంటారు, రేపు మళ్లీ చుడతారు. అవతల షాకల్టన్ మూడుసార్లు ఓడల్లో బయలుదేరి మంచు దారివ్వక వెనక్కి తిరిగాడు. నాలుగోసారి 1916 ఆగస్టు 30న చేరాడు. 22 మందీ బతికే ఉన్నారు. మా అమ్మకి ఈ కథ చెబితే "మరి పక్క చుట్టకపోతే పొద్దు ఎలా గడుస్తుంది?" అంది. ఆవిడకి ఇందులో వింతేమీ కనిపించలేదు.

ఇంకో సంగతి నాకు చాలా ధైర్యం ఇచ్చింది. సెలిగ్‌మన్, మేయర్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1967లో కుక్కల మీద ప్రయోగాలు చేశారు. తప్పించుకోలేని షాకులు తిన్న కుక్కలు, తర్వాత తప్పించుకునే దారి ఉన్నా కదలకుండా పడి ఉండేవి. నిస్సహాయత నేర్చుకున్నాయి అని అప్పుడు చెప్పారు. దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 2016లో, మెదడు మీద జరిగిన పరిశోధనలన్నీ చూసుకుని ఆ ఇద్దరే తమ మాట తిరగేశారు. విడవని బాధలో చతికిలబడటం మెదడుకి పుట్టుకతో వచ్చిందేనట, దాన్ని నేర్చుకోనక్కర్లేదట. నా చేతిలోనూ కొంత ఉంది అన్నదే నేర్చుకోవాల్సి వస్తుందట. ఇది చదివాక నా మీద నాకున్న అసహ్యం కొంత తగ్గింది. అన్నాళ్లూ నేను పిరికిదాన్ని, అమ్మ ధైర్యవంతురాలు అనుకున్నాను. కూలబడిపోవడం నా తప్పు కాదన్నమాట. లేవడం మాత్రం నేర్చుకోవచ్చు. అది చిన్న పనితోనే మొదలవుతుంది. నా వరకు అది అమ్మ పుస్తకంలో గీతలు కొట్టిపెట్టడం. మర్నాటి పేజీలో నాలుగు గడులు గీసి ఉంచేదాన్ని.

ఇప్పుడు అసలు కోపం దగ్గరికి వస్తాను. మా పక్క బెడ్‌లో ఒకాయన ఉండేవాడు. మా తమ్ముడి కన్నా కొంచెం పెద్ద. ఆయన భార్య, నేను పక్కపక్క కుర్చీల్లో రాత్రుళ్లు గడిపాం. ఆవిడ చేసినంత ప్రార్థన నేనెక్కడా చూడలేదు. కళ్లు మూసుకుంటే పెదాలు కదులుతూనే ఉండేవి. ఆయన 26వ రోజు తెల్లవారుజామున పోయాడు. మా వాడు బతికాక ఒక బంధువు మాతో అన్న మాట నేను చచ్చేదాకా మర్చిపోను. "మీ నమ్మకమే వాణ్ణి బతికించింది." పొగడ్తగానే అన్నాడు. మరి ఆవిడ నమ్మకం తక్కువైందా? ఎవరి నమ్మకం ఎన్ని కేజీలో తూచి ప్రాణాలు ఇస్తున్నారా ఎక్కడైనా? దయచేసి ఎవరితోనూ ఆ మాట అనకండి. ఒకరికి ఓదార్పు అనుకుని చెప్పిన ఆ ఒక్క వాక్యం ఇంకొకరి నెత్తిన నేరం మోపుతుంది.

"ఏం జరిగినా మన మంచికే" కూడా నాకొద్దు. మా వాడి తల పగలడం ఎవరి మంచికీ కాదు. దాన్ని మంచి అని ఒప్పుకోకుండానే దానితో బతకొచ్చు.

మా వెనకే నిలబడి "ఇదంతా దింపుడు కళ్లం ఆశ" అని గుసగుసలాడినవాళ్లు కూడా ఉన్నారు. అమ్మకి వినిపించింది. ఏమీ అనలేదు, పుస్తకం తెరిచి ఆ రోజు జ్వరం ఎంతో చూసుకుంది.

అమ్మకి దేవుడంటే నమ్మకం. అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. నాకు మధ్యలో కొన్నాళ్లు పోయింది, తర్వాత వేరే రూపంలో వచ్చింది. ఒకరోజు అడిగాను, ఏమని దండం పెట్టుకుంటున్నావమ్మా అని. వాణ్ణి బతికించమని అడుగుతుందనుకున్నాను. "వాడికి నొప్పి తెలియనివ్వొద్దని, నాకు రేపు పొద్దున లేచే శక్తి ఇమ్మని" అంది. నేను దేవుడితో బేరం ఆడుతున్నాను, ఇది చేస్తే అది చేస్తానని. ఆవిడ బేరం ఆడలేదు. అందుకే ఏ రోజూ ఆవిడకి దేవుడు మాట తప్పినట్టు అనిపించలేదు.

మరి బయటివాళ్లు ఏం చెయ్యాలి అంటే, నాకు తెలిసింది ఒక్కటే. మా ఆఫీసులో ఒకావిడ ఉంది. అంతకుముందు మేము పెద్దగా స్నేహితులం కూడా కాదు. ప్రతి మంగళవారం రాత్రి వచ్చి నా కుర్చీలో కూర్చుని, "మీరు వెళ్లి పడుకోండి, పొద్దున్న ఆరింటికి రండి" అనేది. ఏడుసార్లు వచ్చింది. ధైర్యంగా ఉండమని ఒక్కసారీ అనలేదు. హవాయిలో కవాయి అనే దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమీ వెర్నర్ అనే సైకాలజిస్టు బృందం దశాబ్దాల పాటు గమనించింది. పేదరికం, ఇంట్లో గొడవలు లాంటి కష్టాల మధ్య పుట్టినవాళ్లలో కూడా మూడోవంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. వాళ్లకి తోడ్పడిన వాటిలో ముఖ్యమైనది, విడిచిపెట్టకుండా పట్టించుకున్న ఒక్క మనిషైనా ఉండటం. అమ్మానాన్నలే కానక్కర్లేదు, తాతయ్య కావచ్చు, టీచర్ కావచ్చు. నా విషయంలో ఆ మనిషి మంగళవారం రాత్రి వచ్చేది.

మీకు తెలిసినవాళ్లెవరైనా ఇవాళ అలాంటి కారిడార్లో కూర్చుని ఉంటే ఎప్పుడు లేస్తాడు, ఎప్పుడు తేలుతుంది అని అడగకండి. ఆ ప్రశ్న వాళ్లని వెయ్యిసార్లు కోసే ఉంటుంది. ఇవాళ ఎలా ఉంది అని అడిగి, చెప్పింది వినండి. వీలైతే ఒక రాత్రి వాళ్ల కుర్చీలో మీరు కూర్చోండి.

మా వాడు పూర్తిగా మునుపటిలా కాలేదు. మాట నెమ్మదిగా వస్తుంది, కొన్ని పేర్లు గుర్తుకు రావు, కుడిచేయి పట్టు తక్కువ. ఫిజియోథెరపీ ఇంకా నడుస్తోంది. ఎప్పటికి బాగవుతుందని డాక్టర్ని అడగడం మానేశాం.

నిన్న సాయంత్రం చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే పక్కనే ఉన్నాను. మొదటిదానికే చాలాసేపు పట్టింది. రెండోది, మూడోది పెట్టాడు. నాలుగోదాని దగ్గర వేళ్లు వణికాయి. నేను చెయ్యి చాపబోతే తల అడ్డంగా ఊపాడు. అమ్మ లోపలికెళ్లి నోటు పుస్తకం తెచ్చింది. ఇది ఆరోది. నిన్నటి తేదీ వేసి, కింద "గుండీలు 3" అని రాసుకుంది.