అరవై వేల యూనిట్ల ఔదార్యం

మే నెలలో 44 డిగ్రీలు దాటిన ఎండకు తారు రోడ్డు చెప్పులకు అంటుకునే నల్లగొండ జిల్లాలో ఎండ కొరత ఉందని ఎవరైనా అంటే వినేవాళ్లు నవ్వుతారు. అయినా రక్తపరీక్ష కాగితం మీద ఆ కొరత అంకెలతో సహా కనిపిస్తుంది. మిల్లీలీటరు రక్తంలో విటమిన్ డి 20 నానోగ్రాములకు తగ్గితే వైద్యులు దాన్ని లోపంగానే లెక్కిస్తారు. సూర్యుడి మీద ఫిర్యాదు చేయడానికి వీల్లేదు, ఆయనకు మనం చర్మం చూపించడం లేదు. పత్తి ఏరబోయే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా తొడిగి, తలకూ మొహానికీ తువ్వాల చుట్టి, కళ్లు మాత్రమే బయట పెట్టి రోజంతా చేనులో వంగి ఉంటారు. కాయల మొనలు గీరుకుపోతుంటే అంతకన్నా చేసేదేమీ లేదు. ఆఫీసు ఉద్యోగి అద్దాల కిటికీ పక్కన కూర్చుని ఎండ తగులుతున్నదని తృప్తిపడతాడు. చర్మంలో విటమిన్ డి తయారు కావడానికి కావలసిన అతినీలలోహిత కిరణాలను ఆ అద్దం దాదాపుగా ఆపేస్తుంది, ఉక్కను మాత్రం ధారాళంగా లోపలికి పంపిస్తుంది.

ఇంతటి చిక్కు సమస్యకు 60,000 యూనిట్ల విటమిన్ డి పొడి ఉన్న చిన్న పొట్లం దొరికింది. లోపం తేలినవాళ్లకు వారానికి ఒకటి చొప్పున సుమారు ఎనిమిది వారాలు, పాలతో గానీ భోజనం తర్వాత గానీ వేసుకోమని డాక్టర్లు చీటీ రాస్తారు. ఇది కొవ్వులో కరిగే విటమిన్ కాబట్టి ఖాళీ కడుపున వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు. అంతవరకు శాస్త్రం. ఆ తర్వాతి అధ్యాయం మన జనం సొంతంగా రాసుకున్నది.

నల్లగొండ గడియారం సెంటర్ చుట్టుపక్కల ఏ మందుల షాపు ముందైనా కాసేపు నిలబడితే ఆ అధ్యాయం వినిపిస్తుంది. చింపిన ఖాళీ పొట్లాన్ని కౌంటర్ మీద పెట్టి, "అన్నా, గిసొంటియి పది ఇయ్యి, మా అమ్మకు మోకాళ్లు గుంజుతున్నయి" అంటాడు ఒకాయన. చీటీ ఏదని అడిగితే, "చీటీ మా బావది" అని నిబ్బరంగా జవాబిస్తాడు. బావ రక్తంలో తేలిన లోపానికి అత్తగారి మోకాళ్లకు వైద్యం జరిగే ఈ పద్ధతిలో ఉన్న కుటుంబ అనుబంధాన్ని వైద్య కళాశాలలు ఇంకా గుర్తించకపోవడం విచారకరం. పొట్లం తీర్థప్రసాదంలా ఇంటిల్లిపాదికీ అందుతుంది. రుచి కూడా తియ్యగానే ఉంటుంది కాబట్టి పిల్లలు కూడా చెయ్యి చాపుతారు.

ఇక మోతాదు సంగతి. పెద్దవాళ్లకు రోజుకు 600 యూనిట్లు సరిపోతాయని హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో లెక్క కట్టింది. ఆ లెక్కన ఒక్క పొట్లంలో వంద రోజుల సరుకు ఉంది. వారానికొకటి వేసుకోవడం పిసినారితనంగా భావించి రోజుకొకటి చొప్పున నెల రోజులు తాగిన ఉదారుడు 18 లక్షల యూనిట్లు, అంటే ఎనిమిదేళ్లకు పైగా సరిపోయే విటమిన్ మింగినవాడవుతాడు. అవసరానికి మించిన బి, సి విటమిన్లు చాలావరకు మూత్రంలో పోతాయి. ఇది అలా పోదు, కొవ్వులో నిలవ ఉండి రక్తంలో కాల్షియం పెంచుతుంది. అప్పుడు దాహం, వాంతులు, మలబద్ధకం, మాటిమాటికీ మూత్రం, ముదిరితే కిడ్నీలో రాళ్లు, మాటలో తికమక వస్తాయి. వీటన్నిటికన్నా ముందే నీరసం రావచ్చు. నీరసంగా ఉందంటే ఇంట్లోవాళ్లు ఏం చేస్తారు? ఇంకో పొట్లం చింపుతారు. తన గిరాకీని తానే పుట్టించుకునే ఇటువంటి మందు వ్యాపార చరిత్రలో అరుదు.

ఎక్కువైతే మేలే కదా అనే సిద్ధాంతాన్ని ఆస్ట్రేలియావాళ్లు పరీక్షించి చెడగొట్టారు. డెబ్బై ఏళ్లు దాటిన ఆడవాళ్లకు ఏడాదికొకసారి 5 లక్షల యూనిట్లు ఒక్క విడతలో ఇచ్చి చూస్తే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకన్నా వీళ్లే ఎక్కువగా కింద పడ్డారు, ఎముకలు కూడా వీళ్లకే ఎక్కువగా విరిగాయి. ఇది 2010 నాటి మాట. లోపం ఉందా లేదా అని చూడకుండా పరీక్షలో చేర్చుకున్న 25,871 మంది పెద్దవాళ్లలో రోజుకు 2,000 యూనిట్లు వేసుకున్నందువల్ల ఎముకలు విరగడం తగ్గలేదని అమెరికా అధ్యయనం 2022లో తేల్చింది. ఈ రెండు వార్తలూ మన జిల్లా సరిహద్దు దాటి లోపలికి రాలేకపోవడం చెక్‌పోస్టుల సమర్థతకు నిదర్శనంగా భావించాలి.

ఎముకల విషయంలో నల్లగొండకు ఒకరు పాఠం చెప్పనవసరం లేదన్నది కూడా నిజమే. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ఈ ఊరి పేరే పెట్టారు. మర్రిగూడ, మునుగోడు వైపు ఏళ్ల తరబడి బోరునీళ్లు తాగిన పెద్దమనిషికి నడుము వంగకుండా బిగుసుకుపోయి ఉంటే, దాని కారణం ఎక్స్‌రేలో వెతకాలి. ఎముకలో పేరుకున్న ఫ్లోరైడ్‌ను ఏ పొట్లమూ కడిగి తీయలేదు. ఇక్కడ వెక్కిరించడానికి నాకు మనసు రావడం లేదు గనుక ముందుకు పోతున్నాను.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లది వేరే కథ. విటమిన్ డి కాలేయంలో ఒకసారి, కిడ్నీలో ఇంకోసారి మారితేగాని పనిచేయదు. ఆ రెండో పని కిడ్నీ చేయలేనప్పుడు కాల్సిట్రియాల్ వంటి సిద్ధంగా మారిన మందు రాస్తారు, రక్తపరీక్షలు చేస్తూ కొలిచి కొలిచి ఇస్తారు. పక్కింటి తాతకు రాసిన ఆ గోలీని కూడా "అదీ డీ గోలీయే" అని అడిగి తెచ్చుకునే చొరవ మనకుంది. బీపీకి థయాజైడ్ జాతి గోలీ వేసుకునేవాళ్లకు మూత్రంలో పోయే కాల్షియం తగ్గి రక్తంలో మిగిలిపోతుంది. అటువంటివారు పొట్లాల ఉదారతకు దిగితే ఫలితం మరింత త్వరగా అందుతుంది.

కాబట్టి ప్రభుత్వానికి నా విన్నపాలు ఇవి. చీటీ అడిగి గిరాకీని అవమానించే మందుల షాపువాళ్లకు లైసెన్సు రద్దు చేయాలి. మూడు నెలలకు మళ్లీ రక్తపరీక్ష చేయించుకుని రమ్మనే డాక్టర్లను దూరపు ఊళ్లకు బదిలీ చేయాలి. ఆదివారం ఒక పొట్లం తాగి, క్యాలెండర్‌లో గీత గీసుకుని, మళ్లీ ఆదివారం దాకా ఆగే మనుషుల రేషన్ కార్డులను తనిఖీ చేయించాలి, ఎందుకంటే వాళ్లకు లెక్కలు వచ్చినట్టు అనుమానంగా ఉంది.