169.254 ముద్దాయికి న్యాయం ఎప్పుడు?

తెర మీద ‘చెల్లుబాటయ్యే ఐపీ కాన్ఫిగరేషన్ లేదు’ (అంటే నెట్‌వర్క్‌లో వాడుకోవడానికి సరైన చిరునామా లేదు) అన్న వాక్యం కనబడగానే మనం ఆ కంప్యూటర్‌నే దోషిగా తేల్చి, ఆపి మళ్లీ ఆన్ చేసే శిక్ష అమలు చేసేస్తున్నాం. విచారణ లేని ఈ శిక్షను ఈ వ్యాసం తీవ్రంగా ఖండిస్తోంది.

ఇంతకీ అది చేసిన నేరమేమిటి? నెట్‌వర్క్‌లోకి రాగానే, తనకింకా చిరునామా లేదు గనుక పంపినవారి గడిలో 0.0.0.0 అని నిజాయితీగా రాసి, ఎవరిని అడగాలో తెలియదు గనుక 255.255.255.255 పేరిట అందరికీ వినబడేలా ‘డీహెచ్‌సీపీ సర్వర్ ఎవరైనా ఉన్నారా’ అని, అంటే చిరునామాలు పంచే యంత్రం (ఇళ్లలో సాధారణంగా రౌటరే) ఎక్కడుందని, విన్నవించుకుంది. జవాబు రాకపోతే కాసేపాగి మళ్లీ అడిగింది. (ఆ ఓర్పులో పదో వంతు మనకుంటే వైఫై పాస్‌వర్డ్ మొదటిసారే సరిగ్గా టైప్ చేసేవాళ్లం.) చివరికి గత్యంతరం లేక 169.254తో మొదలయ్యే చిరునామా ఒకటి తానే ఎంచుకుని, అది మరెవరిదైనా అవునేమోనని ఏఆర్‌పీ (ఫలానా చిరునామా ఎవరిదని చుట్టుపక్కల యంత్రాలను అడిగే పద్ధతి) ద్వారా ఆరా తీసి, అభ్యంతరమేదీ రాలేదని నిర్ధారించుకున్నాకే దాన్ని వాడుకుంది. ఈ పద్ధతిని 2005లో ఆర్‌ఎఫ్‌సీ 3927 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం ప్రమాణంగా రాసిపెట్టింది కూడా. ఆ చిరునామాతో రౌటర్ దాటి బయటికి వెళ్లలేమన్నది నిజమే గానీ, అది దాని తప్పు కాదు.

మన నిపుణులు ఇంకో అడుగు ముందుకు వేసి, ‘ఐపీకాన్ఫిగ్ రిలీజ్’ అన్న ఆదేశం (సర్వర్ ఇచ్చిన చిరునామాను తిరిగిచ్చేయడం) కొట్టమంటారు. సర్వర్ ఏమీ ఇవ్వనే లేదని మొత్తుకుంటున్నదాన్ని, ఇచ్చింది తిరిగి అప్పగించమనడం వీరి న్యాయం. మరీ తెగించినవారు 192.168.1.10 అని స్వహస్తాలతో రాసేస్తారు. అది అప్పటికే ప్రింటర్‌దని తరవాత తెలుస్తుంది. యంత్రం వాకబు చేసి రాసుకుంటే చెల్లదు, మనిషి వాకబు చేయకుండా రాస్తే చెల్లుతుంది కాబోలు!

పక్కనున్న ఫోనుకైనా చిరునామా వస్తోందా, కేబుల్ దగ్గర దీపం వెలుగుతోందా అని చూడటానికి నిమిషం పట్టదు. ఫోనుకు వస్తుంటే కంప్యూటర్ డ్రైవర్‌నో అడాప్టర్‌నో నిలదీయవచ్చు. ఎవరికీ రాకపోతే మాత్రం బోనెక్కాల్సింది రౌటరే. పంచడానికి దాని దగ్గరున్నవి యాభై చిరునామాలే అనుకుందాం. పొద్దున వచ్చి వెళ్లిపోయిన ఫోన్ల పేర్ల మీద, లీజు (చిరునామాను వాడుకోనిచ్చే) గడువు తీరలేదన్న వంకతో, అది వాటిని భద్రంగా దాచిపెడుతుంది. మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తుపట్టే సంఖ్య) మార్చుకుని వచ్చిన పాత ఫోనుకు కొత్త అతిథి మర్యాదలు చేసి ఇంకోటి సమర్పించుకుంటుంది. అడిగేవారు లేరు, దీపాలు మాత్రం దర్జాగా మిణుకుమంటుంటాయి.

చివరికెవరో విసుగెత్తి రౌటర్‌ను కూడా ఆపి ఆన్ చేస్తారు. కొన్ని రౌటర్లలో ఆ దెబ్బకు లీజుల పట్టిక చెరిగిపోయి, ముద్దాయికి క్షణాల్లో చిరునామా దక్కుతుంది. ఆ ఘనతంతా, అరగంటగా కంప్యూటర్‌ను ఆపి ఆన్ చేస్తున్న పెద్దమనిషి ఖాతాలో జమవుతుంది.