కాన్‌స్టంటైన్ పేరుకు చప్పట్లా?

ఈ ఉదయం ఆరాధన మధ్యలో ఒక నాయకుడు గుడిలోకి వచ్చాడు. పాస్టర్ గారు వాక్యం ఆపేసి, ఎదురెళ్లి శాలువా కప్పి, మైకు చేతికిచ్చారు. పైగా "మన కాలపు కాన్‌స్టంటైన్" అని పొగిడారు. అందరూ చప్పట్లు. ఇంటికొచ్చాక అన్నం సహించలేదు.

ఎవరండీ కాన్‌స్టంటైన్? రోమా చక్రవర్తి. 313లో మనవాళ్ల మీద, అంటే క్రైస్తవుల మీద, హింస ఆపించాడు, కాదనను. 325లో విశ్వాసం ఏదో తేల్చడానికి బిషప్పుల నికయా సభను పిలిపించిందీ ఆయనే. అప్పటికి ఆయనకు బాప్తిస్మమే లేదు. తీసుకున్నది 337లో, ప్రాణం పోయే ముందు. అలాంటివాడు సభ తీర్మానానికి తలొగ్గని వాళ్లను ప్రవాసానికి పంపాడు. 380లో థియొడోసియస్ చక్రవర్తి ఆ సభ చెప్పిందే సరైన విశ్వాసమని శాసనమే చేశాడు. 385లో ట్రియర్ నగరంలో ప్రిసిల్లియన్ అనే బిషప్పును మంత్రవిద్య నేరం మోపి చంపించారు. నేరం మోపినవాళ్లు తోటి బిషప్పులే! వద్దని అక్కడి చక్రవర్తి మాక్సిమస్‌ను బతిమాలిన తూర్ నగర బిషప్పు మార్టిన్ మాట చెల్లలేదు. హింస ఆగి ఎనభై ఏళ్లయినా కాకముందే మనచేతికి కత్తి వచ్చింది.

అందులోనూ మనం బాప్టిస్టులం! ఊహ తెలిసి నమ్మినవాళ్లకే బాప్తిస్మం అన్నందుకు 1527 జనవరిలో జ్యూరిక్‌లో ఫెలిక్స్ మాంజ్‌ను కట్టేసి లిమ్మత్ నదిలో ముంచి చంపారు. ఆ శిక్ష వేసింది పోపు కాదు, పోపును కాదని సంస్కరణ బాట పట్టిన నగర సభే. విశ్వాసం విడవవద్దని తల్లి ఒడ్డు నుంచి కేకవేసి చెప్పింది. ఆ తల్లి పేరు మన గుడిలో ఒక్కసారైనా విన్నామా?

ప్రహరీ గోడ కట్టినప్పుడే నేను నోరు విప్పాల్సింది. డబ్బిచ్చిన నాయకుడి పేరు నల్లరాతి మీద బంగారు అక్షరాలతో చెక్కించారు. మా అమ్మమ్మ ఎసరు పెట్టిన ప్రతిసారీ గుప్పెడు బియ్యం తీసి దేవుని డబ్బాలో వేసేది. ఇంట్లో గంజి కాచుకున్న రోజుల్లోనూ వేసింది. అలాంటి ఆడవాళ్ల బియ్యం అమ్మిన డబ్బుతోనే గుడి పైకప్పు లేచింది. వాళ్లలో ఒక్కరి పేరూ ఏ రాయి మీదా లేదు.

ఈరోజు వచ్చినాయన వెళ్తూ వెళ్తూ ఆ నల్లరాయి పక్కనే నిలబడి ఫొటో దిగాడు. పాస్టర్ గారు శాలువా సర్దారు.